ఆరేళ్ళలోపు పిల్లలు ఎవరి పద్దు?

గ్రామ పంచాయతీ కార్యాలయంలో జనన నమోదు పుస్తకం ఒకటి ఉంటుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డా అందులోకి ఎక్కాలి. ఆ బిడ్డ మళ్ళీ ఊరి పెద్దల కంటపడేది ఆరో ఏట, బడి హాజరు పట్టీలో. ఈ రెండు పుస్తకాల మధ్య ఆరేళ్ళు గడిచిపోతాయి. నడక, మాట, ఆట, పాట, భయం, నమ్మకం అన్నీ కుదురుకునే ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళ బాధ్యత ఎవరిది అని అడిగితే ఎవరూ తడుముకోరు. తల్లిది అంటారు. తల్లి కూలికి పోతే? అక్క ఉంది కదా అంటారు. మరి అక్క బడికి పోతే? ఆ ప్రశ్నకు మాత్రం జవాబు రాదు.

అంగన్‌వాడీ ఉంది కదా అని మీరు అనవచ్చు. ఉంది. కానీ అది పంచాయతీది కాదు. పంచాయతీ దానికి మహా అయితే ఒక గది చూపిస్తుంది, కొన్నిచోట్ల అదీ లేదు. పంచాయతీరాజ్ వ్యవస్థ ఈ రాష్ట్రంలో పుట్టిన జిల్లాల్లో పాలమూరు ఒకటి. అలాంటి పాలమూరులో, ఇప్పుడు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలుగా విడిపోయిన ప్రాంతంలో, చిన్నపిల్లల చదువు స్థానిక ప్రభుత్వం చేతికి ఎందుకు రాలేదు? ఇది మరుపు వల్లో, డబ్బు లేకో జరిగిన పని అని నేను అనుకోవడం లేదు. ఆడవాళ్ళు ఎటూ చేస్తారు, ఊరికే చేస్తారు అన్న నమ్మకం మీద ఒక్కో మెట్టూ కట్టుకుంటూ వచ్చిన ఏర్పాటు ఇది. ఆ మెట్లను ఒక్కొక్కటే చూద్దాం.

కోటలు కళాశాలలయ్యాక

గద్వాల, వనపర్తి రెండూ నిజాం ఏలుబడిలోని సంస్థానాలు. గద్వాల సంస్థానాన్ని చివరగా పాలించింది ఒక స్త్రీ, మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ. సంస్థానాలు పోయాక గద్వాల కోటలో ఆమె పేరుతోనే డిగ్రీ కళాశాల వచ్చింది. వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ వెలిసింది. కోటలు కళాశాలలు కావడం మంచిదే. ప్రజల చెమటతో కట్టిన గోడల మధ్యకి ప్రజల పిల్లలు వచ్చారు. అయితే ఈ ప్రాంతపు విద్యా చరిత్రను ఎవరు రాసినా ఈ కళాశాలల దగ్గరే మొదలుపెట్టి ఇక్కడే ముగిస్తారు. పైఅంతస్తు కనిపిస్తుంది. పునాది సంగతి ఎవరూ ఎత్తరు.

పునాది ఎంత బలహీనమో జనాభా లెక్కలు చెప్తాయి. 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చదువు వచ్చిన స్త్రీలు నూటికి 50 మంది. మహబూబ్‌నగర్ జిల్లాలో నూటికి 32 మంది. మొత్తం అక్షరాస్యతలో రాష్ట్రం మొత్తానికీ అట్టడుగు జిల్లా అదే. 2016 అక్టోబరు 11న ఆ జిల్లా ముక్కలైంది. 2011 లెక్కలను కొత్త సరిహద్దులకు సర్ది చూస్తే జోగులాంబ గద్వాల జిల్లాలో ఆడా మగా కలిపి చదువు వచ్చినవాళ్ళు సగానికి లోపే. తెలంగాణలో ఆఖరి స్థానం.

వనపర్తి రాజకుటుంబపు కోడళ్ళు ఇద్దరిని ఇక్కడ తలుచుకోవాలి. రాణి కుముదినీ దేవి 1962లో హైదరాబాదు నగరానికి మొదటి మహిళా మేయరు అయ్యారు. ఆ దశాబ్దంలోనే వనపర్తి నుంచి శాసనసభకు వెళ్ళారు. శాంతా రామేశ్వరరావు పిల్లల కోసం పుస్తకాలు రాసిన రచయిత్రి. బెత్తం, భయం, పోటీ లేని బడి ఒకటి ఉండాలని 1961లో విద్యారణ్య పాఠశాలను స్థాపించారు. ఆ బడి వెలసింది హైదరాబాదులో. వ్యక్తులుగా వారి కృషిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పసిపిల్లల మనసు గురించి అంత లోతుగా ఆలోచించగల వాతావరణం వనపర్తి పేరున్న ఇంట్లో ఉంది, వనపర్తి ఊళ్ళకు మాత్రం దాన్ని మోసుకెళ్ళే వ్యవస్థ లేదు. ఒక రాణిగారి అభిరుచి ఒక మంచి బడిని ఇవ్వగలదు. ఊరూరా బడి కావాలంటే ఊరి ప్రభుత్వమే పూనుకోవాలి.

నిజాం కాలంలో ఊరి బడి పరిస్థితి ఎలా ఉండేదో మనకు తెలుసు. సర్కారీ బడిలో ఉర్దూ. తెలుగు నేర్చుకోవాలంటే పంతులు తన ఇంటి అరుగు మీద నడిపే ఖాన్గీ బడి. 1920ల మధ్యలో ఆ ఖాన్గీ బడులకు కూడా అనుమతి కావాలని గష్తీలు వచ్చాయి. ఆంధ్ర మహాసభ దీన్ని గట్టిగా వ్యతిరేకించింది. 1930లో జోగిపేటలో తొలి మహాసభకు అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి, పాలమూరు బిడ్డ. దానితోపాటు జరిగిన మహిళా సభకు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. బాల్యవివాహాలు వద్దని, ఆడపిల్లలకు చదువు కావాలని ఆ మహిళా సభలు అడుగుతూ వచ్చాయి.

ప్రతాపరెడ్డి 1952లో వనపర్తి నుంచే శాసనసభకు ఎన్నికయ్యారు. ఆయన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' చదివినవారికి గుర్తుండే ఉంటుంది. కావ్యాల్లోంచి పిల్లల ఆటల పేర్లను కూడా ఏరి పెట్టారాయన. రాజుల యుద్ధాల పక్కన పిల్లల ఆటలకు చరిత్రలో చోటివ్వడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఆ పుస్తకాన్ని సాహిత్య విద్యార్థిగా చదువుతుంటే నాకో ప్రశ్న తొలిచేది. ఆ ఆటలు పిల్లలకు నేర్పింది ఎవరు? లెక్కలు రాకముందే గవ్వలతో లెక్క నేర్పింది, అక్షరం రాకముందే పాటతో మాట దిద్దింది ఎవరు? అమ్మమ్మలు, నాయనమ్మలు, మేనత్తలు, అక్కలు. పంతులు చెప్తే అది చదువు. అవ్వ చెప్తే అది కాలక్షేపం. పసిపిల్లల చదువును 'చదువు' కాకుండా చేసిన మొదటి మెట్టు ఈ విభజనే.

చదువు సమితికి, బాలవాడీ మహిళా మండలికి

పసిపిల్లలకు వేరే బడి కావాలన్న ఆలోచన మన దేశంలో చాలా ముందే మొదలైంది. 1920లో గిజుభాయి బధేకా భావనగర్‌లో బాలమందిరం పెట్టారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరాన బోర్డీ అనే ఊళ్ళో గ్రామ బాలశిక్షా కేంద్రం మొదలుపెట్టారు. ఆమెతో చేరిన అనుతాయి వాఘ్ బాల్యంలోనే వితంతువైన స్త్రీ. పిల్లలు బడికి రావడం లేదు కాబట్టి బడే పిల్లల వాకిట్లోకి వెళ్ళాలి అన్నది వాళ్ళు అనుభవంతో తెలుసుకున్న సత్యం. అంగణం అంటే వాకిలి. 'అంగన్‌వాడీ' అనే మాట వాళ్ళ పనిలోంచే పుట్టింది. ఆ పిల్లల్లో ఎక్కువమంది ఆదివాసీలు. ఇప్పుడు మనం కోడిగుడ్లు, పాలపొడి, రిజిస్టర్లతో ముడిపెట్టి చూసే ఈ మాట వెనక ఇద్దరు స్త్రీల విద్యా ప్రయోగం ఉందని ఎంతమందికి గుర్తుంది?

స్వాతంత్ర్యం తర్వాత 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. దానికి మొదటి అధ్యక్షురాలు మన దుర్గాబాయి దేశ్‌ముఖ్. బోర్డు పథకాలతో, సమాజ వికాస పథకంలోని గ్రామసేవికలతో, మహిళా మండళ్ళతో బాలవాడీలు పల్లెల దాకా వచ్చాయి. ఇది గొప్ప ముందడుగు. కానీ ఇక్కడే రెండో మెట్టు కూడా పడింది. బాలవాడీ 'సంక్షేమం' పద్దులో చేరింది. 'విద్య' పద్దులో చేరలేదు.

ఆ తేడా ఎంత ఖరీదైనదో 1959లో తేలింది. బల్వంతరాయ్ మెహతా కమిటీ సిఫారసుల మేరకు రాజస్థాన్ తర్వాత పంచాయతీరాజ్‌ను అమల్లోకి తెచ్చిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. దాని ప్రారంభానికి నెహ్రూ వచ్చింది అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్‌కే. ఆ ఏటి చట్టంతో ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితుల చేతికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల చేతికి వచ్చాయి. పంతులు జీతం, బడి కట్టడం, బదిలీ అన్నీ స్థానిక ప్రభుత్వం పనులయ్యాయి. ఇప్పటికీ మనం 'జిల్లా పరిషత్ హైస్కూలు' అంటున్నామంటే ఆనాటి వారసత్వమే.

మరి ఆరేళ్ళలోపు పిల్లలు? వాళ్ళు మహిళా మండళ్ళకు పోయారు. సమితిలో చదువు చర్చకు వస్తే అది రాజకీయం, అధికారం, ఉద్యోగాలు. బాలవాడీ వస్తే అది కుట్టుమిషన్ల పక్కన, ఊరగాయల పక్కన రాసుకునే సేవా కార్యక్రమం. ఒకే ఊరు, ఒకే పిల్ల. ఆరేళ్ళు నిండితే ఆమె మగవాళ్ళు పోటీపడే పద్దులోకి వస్తుంది. నిండకపోతే ఆడవాళ్ళకు వదిలేసిన పద్దులో ఉంటుంది.

మూడో మెట్టు 1975. ఆ ఏడు అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, ఐసీడీఎస్, మొదలైంది. పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య పాఠాలు, వాటితోపాటు మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య. మొత్తం ఆరు సేవలు, ఒకే గది, ఒక కార్యకర్త, ఒక ఆయా. ఢిల్లీ నుంచి రాష్ట్ర శాఖకు, అక్కడి నుంచి ప్రాజెక్టు అధికారికి, సూపర్‌వైజరుకు, కార్యకర్తకు వచ్చే నిలువు గీత ఇది. ఈ గీత పంచాయతీని తాకకుండానే ఊళ్ళోకి దిగింది.

మొదట్లో మెట్రిక్ చదివిన కార్యకర్తకు నెలకు 150 రూపాయలు, చదవనివారికి 100, ఆయాకు 35. దీన్ని జీతం అనలేదు, 'గౌరవ వేతనం' అన్నారు. భాష చదువుకున్నదాన్ని కాబట్టి ఈ మాట దగ్గర ఆగకుండా ఉండలేను. ఇవ్వాల్సింది ఇవ్వకుండా గౌరవం ఇస్తామన్న మాట అది. పంతులుకు జీతం ఇస్తారు, గౌరవం ఊరు ఇస్తుంది. అంగన్‌వాడీ స్త్రీకి సర్కారు గౌరవం ఇచ్చింది, జీతం దేవుడికి వదిలేసింది. 2006లో కర్ణాటకకు చెందిన అమీర్‌బీ కేసులో అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వ ఉద్యోగులు కారని సుప్రీంకోర్టు అంది. 2022 ఏప్రిల్ 25న, గుజరాత్‌కు చెందిన మణిబెన్ మగన్‌భాయి కేసులో, వాళ్ళకు గ్రాట్యుటీ హక్కు ఉందని అదే కోర్టు చెప్పింది. వాళ్ళు చేసేది చట్టం అప్పగించిన పని అని గుర్తించడానికి పథకం మొదలై 47 ఏళ్ళు పట్టింది.

అక్క చంకలో చెల్లి

పాలమూరు అనగానే వలస గుర్తుకొస్తుంది. దేశంలో ఎక్కడ పెద్ద ఆనకట్ట కట్టినా అక్కడ పాలమూరు కూలి ఉన్నాడని చెప్పుకుంటాం. 'కూలి ఉన్నాడు' అంటాం గాని ఆ గుడారంలో ఆమె కూడా ఉంది, ఆమె వెంట పసిబిడ్డా ఉంది. మేస్త్రీ దగ్గర అప్పు తీసుకుని జంటగా పోయే కూలీల్లో ఆడమనిషి తట్ట మోస్తుంటే బిడ్డ ఇసుక కుప్ప మీద, చెట్టుకు కట్టిన చీర ఊయలలో పెరిగింది. 1969లో ఢిల్లీలో ఒక కట్టడం పనిచోట మట్టిలో పడి ఉన్న పిల్లల్ని చూసి మీరా మహాదేవన్ మొదలుపెట్టిన సంస్థ మొబైల్ క్రెష్. కూలీలు ఎక్కడుంటే పిల్లల కేంద్రం అక్కడికే వెళ్ళాలన్నది దాని సూత్రం. వలస ఒక జీవన విధానంగా మారిన పాలమూరులో స్థానిక ప్రభుత్వాలు అందిపుచ్చుకోవలసిన సూత్రమది. మన పథకాలు మాత్రం ఊళ్ళో స్థిరంగా ఉన్న పిల్లనే పిల్లగా గుర్తించాయి.

ఊళ్ళో ఉండిపోయిన కుటుంబాల సంగతి వేరేగా లేదు. గద్వాలలో మగ్గం ఉన్న ఇంట్లో కండెలు చుట్టే స్త్రీ ఒక చేత్తో రాట్నం తిప్పుతూ కాలితో ఊయల ఊపుతుంది. గద్వాల చీర పేరు దేశమంతా తెలుసు, ఆ కాలు సంగతి ఎవరికీ తెలియదు. గద్వాల చుట్టుపక్కల పత్తి విత్తనాల సాగు పెరిగాక సంకరం చేసే పని, అక్కడివాళ్ళు క్రాసింగ్ అనేది, చిన్న వేళ్ళున్న ఆడపిల్లలతో చేయించడం మామూలైంది. పూవు విప్పకముందే రేకులు వలిచి, మర్నాడు పొద్దున్నే పుప్పొడి అద్దాలి. బడి గంట కొట్టే వేళకు పిల్లలు చేలో ఉండేవారు. 1990ల చివరి నుంచి ఈ పిల్లల గురించి పరిశోధకులు రాస్తూ వచ్చారు, బాలకార్మిక వ్యతిరేక ఉద్యమాలు పోరాడాయి.

అయితే ఆ చర్చల్లోనూ ఒక పిల్ల కనిపించకుండా పోయింది. చేలోకి పోని పిల్ల, ఇంట్లో చెల్లిని చంకనేసుకుని ఉన్న ఏడెనిమిదేళ్ళ అక్క. 1986 నాటి బాలకార్మిక చట్టం దృష్టిలో ఆమె కార్మికురాలు కాదు. ఆమెకు కూలి లేదు, యజమాని లేడు. ఆమె బడికి రాకపోతే 'తల్లిదండ్రులకు అవగాహన లేదు' అని రాస్తారు. ఈ అక్క లేకుండా తల్లి కూలికి పోలేదు. తల్లి కూలికి పోకుండా ఇల్లు గడవదు. అందుకే నేననేది, మూడేళ్ళ చెల్లికి బడి పెట్టడమంటే ఎనిమిదేళ్ళ అక్కకు కూడా బడి పెట్టడమే. అంగన్‌వాడీ మధ్యాహ్నానికే మూసేస్తే, బడి సాయంత్రం దాకా ఉంటే, అక్క మధ్యాహ్నం నుంచి బడి మానేస్తుంది. ఈ గంటల తేడాను సరిచేయడానికి పెద్ద పథకాలు అక్కర్లేదు. ఒక ఊరి పంచాయతీ కూర్చుని మాట్లాడుకుంటే చాలు. ఆ అధికారం పంచాయతీకి ఎవరూ ఇవ్వలేదు.

1993లో ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సమతా కార్యక్రమం మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనే మొదలైంది. ఎక్కువగా దళిత స్త్రీలు సంఘాలుగా కూర్చుని తమ సమస్యలకు తామే పేర్లు పెట్టుకున్న అరుదైన సందర్భం అది. కూలి, తాగునీరు, హింస, ఆడపిల్లల చదువు ఒకదాని వెంట ఒకటి వాళ్ళ మాటల్లోకి వచ్చాయి. అదే ఏడాది ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలు చేర్చారు. 17వది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య. 25వది మహిళా శిశు అభివృద్ధి. మూడో వంతు సీట్లు స్త్రీలవయ్యాయి. ఊరి స్త్రీలు సంఘంలో మాట్లాడటం నేర్చుకున్న చోటే సర్పంచులు కూడా అయ్యే అవకాశం వచ్చింది.

జరిగిందేమిటి? అంశం కాగితం మీద పంచాయతీకి వచ్చింది. నిధులు, సిబ్బంది శాఖ దగ్గరే ఉండిపోయాయి. 1990ల చివర్లో పంచాయతీలను పక్కనపెట్టి ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసే ధోరణి మొదలైంది. బడికి విద్యా కమిటీ, నీళ్ళకు నీటి సంఘం, అంగన్‌వాడీకి తల్లుల కమిటీ. తల్లుల కమిటీ అన్న పేరు వినడానికి బాగుంది. కానీ బిడ్డ బాధ్యతను మళ్ళీ తల్లులకే అప్పగించి, దానికి 'భాగస్వామ్యం' అని పేరు పెట్టడం తప్ప అందులో కొత్తదనం ఎంత? తండ్రుల కమిటీ ఎవరికీ తట్టలేదు. ఎన్నికైన సర్పంచమ్మకు ఆ అంగన్‌వాడీ మీద అధికారం లేదు, ఎన్నిక కాని తల్లులకు బాధ్యత ఉంది.

ఇంకో మాట. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళను పోటీకి అనర్హులను చేసింది. ఎంతమందిని కనాలో స్త్రీ నిర్ణయించుకోలేని ఇళ్ళలో ఈ నిబంధన ఆమె మీదే పడింది. ఆంధ్రప్రదేశ్ దీన్ని 2024లో తొలగించింది, తెలంగాణలోనూ 2025లో ఎత్తివేసే నిర్ణయం జరిగింది. ముప్పై ఏళ్ళపాటు పంచాయతీ చట్టం ఆమె పిల్లల్ని లెక్కపెట్టింది. ఆమెను ఇంటికి పంపడానికి లెక్కపెట్టింది గాని, ఆ పిల్లల్ని బడికి పంపడానికి కాదు.

రాజ్యాంగం నుంచి జారిపోయిన ఆరేళ్ళు

ఊరి సంగతి అలా ఉండగా దేశం సంగతి చూద్దాం. 1950 నాటి రాజ్యాంగంలో 45వ అధికరణం పదేళ్ళలోగా 14 ఏళ్ళు నిండేవరకు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందించడానికి రాజ్యం కృషి చేయాలంది. జాగ్రత్తగా చదవండి. పైహద్దు ఉంది, కిందిహద్దు లేదు. మూడేళ్ళ పిల్ల కూడా 'పిల్లలందరిలో' ఉంది. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో 14 ఏళ్ళ వరకు చదువు ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, వివాదం వృత్తివిద్యా కళాశాలల క్యాపిటేషన్ ఫీజుల మీద. ఆ వాదనల్లోంచి పసిపిల్లలకు అనుకోకుండా ఒక హక్కు దక్కింది.

2002లో 86వ సవరణ వచ్చింది. చదువును ప్రాథమిక హక్కుగా రాజ్యాంగంలో చేర్చిందని మనందరం సంతోషించాం. కానీ ఆ హక్కు ఆరు నుంచి 14 ఏళ్ళవాళ్ళకే. ఆరేళ్ళలోపు పిల్లలకు పాత 45వ అధికరణాన్ని మార్చి రాశారు, రాజ్యం 'కృషి చేయాలి' అని. హక్కు పోయి ఆశ మిగిలింది. 2009 విద్యాహక్కు చట్టం 11వ సెక్షన్‌లో మూడేళ్ళు దాటినవారి పూర్వ ప్రాథమిక విద్యకు ప్రభుత్వం ఏర్పాట్లు 'చేయవచ్చు' అని రాశారు. 'చేయాలి' కాదు. అదే చట్టం 9వ సెక్షన్ స్థానిక ప్రభుత్వాలకు ఒక విధి అప్పగించింది. తమ పరిధిలో 14 ఏళ్ళ వరకు ఉన్న పిల్లల వివరాలు నమోదు చేసి ఉంచాలి. ఇక్కడ మళ్ళీ కిందిహద్దు లేదు. అంటే పంచాయతీ మూడేళ్ళ పిల్లను లెక్క రాసుకోవడం తప్పనిసరి, ఆమెకు చదువు చెప్పించడం మాత్రం ఐచ్ఛికం.

2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఆహార హక్కు కేసులో ఒక ముఖ్యమైన మాట అంది. ఆరేళ్ళలోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని ఆవాసం అడిగితే మూడు నెలల్లోగా అంగన్‌వాడీ ఇవ్వాలని. మురికివాడలకు, గ్రామాలకు ఇది ఆయుధమే. నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలో చెంచు పెంటలకు మాత్రం ఇదీ అందదు. అమ్రాబాద్ అడవిలో కొద్ది గుడిసెల పెంటలో 40 మంది పసిపిల్లలు ఎక్కడి నుంచి వస్తారు? మినీ అంగన్‌వాడీకి కూడా 150 జనాభా ఉండాలన్నది లెక్క. తారాబాయి, అనుతాయి ఆదివాసీ వాకిళ్ళలో కనిపెట్టిన అంగన్‌వాడీ, సంఖ్య చాలలేదని చివరకు ఆదివాసీ వాకిలి దగ్గరే ఆగిపోయింది.

ఊరు తలుచుకుంటే

స్థానిక ప్రభుత్వానికి ఇది అలవికాని పని అనేవాళ్ళకు రెండు ఉదాహరణలు చెప్తాను. ఇటలీలో రెజియో ఎమిలియా అనే పట్టణం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం 1945లో ముగియగానే ఆ దగ్గరి పల్లెలో జనం, ముఖ్యంగా స్త్రీలు, సైన్యం వదిలేసిపోయిన ట్యాంకును, లారీలను, గుర్రాలను అమ్మి ఆ డబ్బుతో పసిపిల్లల బడి కట్టుకున్నారు. మహిళా సంఘాలు ఇరవై ఏళ్ళు అడగ్గా అడగ్గా 1963లో ఆ పట్టణ మున్సిపాలిటీ తన సొంత శిశు పాఠశాలను తెరిచింది. ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి ఉపాధ్యాయులు ఆ మున్సిపల్ బడులను చూడటానికి వెళ్తారు. స్త్రీలు మొదలుపెట్టారు, స్థానిక ప్రభుత్వం భుజానికెత్తుకుంది. స్త్రీలకే వదిలేయలేదు. ఇటలీ దాకా ఎందుకంటే కేరళ ఉంది. అక్కడ 1990ల మధ్యలోనే అంగన్‌వాడీలను గ్రామ పంచాయతీలకు బదిలీ చేశారు. భవనం, తిండి ఖర్చు పంచాయతీ ప్రణాళికలో భాగమయ్యాయి.

మన దగ్గరా ఒక విత్తనం పడింది. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలైన తొలి విడత జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. 2005 నాటి ఆ చట్టంలో ఒక నిబంధన ఉండేది. పనిచోటికి ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు లేదా అంతకుమించి వస్తే, వాళ్ళను చూసుకోవడానికి కూలీల్లో ఒక స్త్రీని పెట్టాలి, ఆమెకు అందరితో సమానంగా కూలి ఇవ్వాలి. పిల్లల్ని చూసుకోవడం కూడా మట్టి తవ్వడమంత పనే అని చట్టం ఒప్పుకుంది! ఈ నిబంధన ఎక్కువ చోట్ల అమలు కాలేదు. అయినా పంచాయతీ చేతుల మీదుగా పసిపిల్లల సంరక్షణకు కూలి లెక్కగట్టిన చట్టం అది.

తెలంగాణ వచ్చాక కొన్ని మార్పులు జరిగాయి. 2015 జనవరి నుంచి ఆరోగ్యలక్ష్మి పేరుతో గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒకపూట భోజనం పెడుతున్నారు. 2017లో కార్యకర్తలను 'అంగన్‌వాడీ టీచర్లు' అనాలని నిర్ణయించారు. వారి వేతనం 10,500 అయింది, 2021లో 13,650 రూపాయలైంది, ఆయాలది 7,800. పేరు మారడం చిన్న విషయం కాదని నేను ఒప్పుకుంటాను. కానీ టీచరు అన్నాక టీచరు పని చేయనివ్వాలి. ఓటర్ల జాబితా, సర్వేలు, ఫోనులో పోషణ్ వివరాల నమోదు, గుడ్ల లెక్క, బరువుల లెక్క అన్నీ అయ్యాక పాటకు, బొమ్మకు, కథకు మిగిలే సమయం ఎంత? 2023లో తెలంగాణలో, ఆ వెంటనే ఆంధ్రప్రదేశ్‌లో 42 రోజులపాటు అంగన్‌వాడీ స్త్రీలు సమ్మె చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించారు. జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవకులు, సమ్మె చేసినప్పుడు అత్యవసర సిబ్బంది!

2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ళ వయసు నుంచే చదువును లెక్కలోకి తీసుకుంది. తెలంగాణ 2025-26లో కొన్ని ప్రభుత్వ పాఠశాలల్లో పూర్వ ప్రాథమిక తరగతులు తెరిచింది. మంచిదే. కానీ పసిపిల్లల చదువు 'చదువు' అని ఒప్పుకోగానే దాన్ని ఐదు దశాబ్దాలు మోసిన స్త్రీల చేతుల్లోంచి తీసేసుకుంటారా, లేక వాళ్ళకు శిక్షణ, జీతం, హోదా ఇచ్చి అందులో నిలబెడతారా? పని విలువ పెరగగానే ఆ పనిలోంచి ఆడవాళ్ళు, అందులోనూ దళిత, వెనుకబడిన కులాల ఆడవాళ్ళు జారిపోవడం మనం చాలా చోట్ల చూశాం. ఇక్కడా అలా జరగకూడదంటే ఇప్పుడే అడగాలి.

ఎవరిని అడగాలి? 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్ళు తెలంగాణ గ్రామాలు ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్నాయి. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగి కొత్త సర్పంచులు వచ్చారు. సగం పదవులు స్త్రీలవి. గద్వాల సీడు పత్తి ఊళ్ళలో, వనపర్తి వలస ఊళ్ళలో, నల్లమల అంచు గూడేల్లో మొదటిసారి ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళున్నారు. సీసీ రోడ్డు, మురుగు కాలువ ఎంత పంచాయతీ పనో మూడేళ్ళ పిల్ల బడి కూడా అంతే పంచాయతీ పని. గ్రామసభలో ముందు అడగవలసిన ప్రశ్నలు చిన్నవే. ఊళ్ళో మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలు ఎంతమంది? వాళ్ళు పొద్దంతా ఎక్కడుంటున్నారు? వాళ్ళకోసం బడి మానేసిన అక్కలు ఎంతమంది? ఈ మూడో లెక్క ఏ రిజిస్టరులోనూ లేదు. అది రాయడం మొదలుపెట్టిన ఊరికి మిగతా రెండింటి విలువ దానంతటదే తెలిసొస్తుంది.